‘మిలట్రీ రేటు’కు కెమెరా: అపోహలు – వాస్తవాలు

ఊళ్లో ఒక కుర్రాడు సైన్యంలో చేరితే అతని లీవు తేదీలు చుట్టాలందరికీ కంఠతా వచ్చేస్తాయి. ‘బావా, వచ్చేటప్పుడు క్యాంటీన్‌లో మిక్సీ ఉంటే చూడు’ దగ్గర మొదలైన కోరికలు ఇప్పుడు కెమెరా దాకా వచ్చాయి. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే తమ్ముడికీ, వంటల వీడియోలు పెట్టే వదినకూ అది ‘మిలట్రీ రేటు’లోనే కావాలి. జవానుకు మాత్రం ఆశ ఉండదా? మనం డబ్బు పెట్టి వెళ్లి చూసొచ్చే తవాంగ్, లద్దాఖ్ అతను డ్యూటీ చేసే చోట్లు. యూనిఫాం వేసుకున్నవాడికి కెమెరా కాస్త చవకగా దొరుకుతుందన్న మాట అబద్ధం కాదు. ఎంత చవక, దేనివల్ల చవక అన్న దగ్గరే లెక్క తప్పుతోంది.

అపోహ: క్యాంటీన్‌లో కెమెరా సగం ధరకే వస్తుంది.

వాస్తవం: ఈ నమ్మకం పుట్టింది మందు సీసా దగ్గర. బయట అమ్మే మద్యం ధరలో రాష్ట్ర ప్రభుత్వాల పన్నులదే పెద్ద వాటా. సైనికుల కోటాకు ఆ పన్నులో రాయితీ ఉంటుంది కాబట్టి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లీవుకొచ్చిన మిలట్రీ ఆయన సంచిలోని సీసా ధర విన్నవాళ్లు అదే లెక్క ఫ్రిజ్‌కీ, టీవీకీ, చివరికి కెమెరాకీ వేసేసుకున్నారు.

కెమెరా ధరలో అంత పన్ను లేదు. జీఎస్టీ వచ్చిన కొత్తలో డిజిటల్ కెమెరాల మీద 28 శాతం ఉండేది. 2019 జనవరి 1 నుంచి అది 18 శాతానికి దిగింది. క్యాంటీన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్, అదే సీఎస్‌డీ, 1948 నుంచి రక్షణ శాఖ కింద ముంబై కేంద్రంగా నడుస్తోంది. తాను కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీలో సగం దానికి వాపసు వస్తుంది. సీఎస్‌డీ నుంచి యూనిట్ క్యాంటీన్‌కు, అక్కడి నుంచి జవాను చేతికి సరుకు మారేటప్పుడు మళ్లీ జీఎస్టీ పడదు. చవక అంతా ఇక్కడే ఉంది.

కాగితం మీద వేసి చూద్దాం. పన్ను కలపకముందు 50,000 రూపాయలున్న కెమెరా బయట షాపులో 18 శాతం జీఎస్టీతో 59,000 అవుతుంది. క్యాంటీన్ దారిలో ఆ 9,000 పన్నులో సగం తగ్గి 54,500 దగ్గర ఆగుతుంది. శాఖ నిర్వహణ కింద కొద్దిగా కలుస్తుంది. అంటే మిగిలేది మహా అయితే 4,500. బయటి ధరలో నూటికి ఎనిమిది రూపాయలు కూడా కాదు. కంపెనీ సీఎస్‌డీకి ప్రత్యేకంగా ధర తగ్గించి ఇస్తే ఇంకొంచెం దిగవచ్చు, కానీ ‘సగం’ అన్న మాటకు ఆధారం ఎక్కడా లేదు.

ఆ 4,500 చిన్న మొత్తమని నేననను. అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000 ప్యాకేజీ అయితే, సేవా నిధికి 9,000 పోను చేతికొచ్చేది 21,000. అతనికి ఈ కెమెరా రెండున్నర నెలల జీతం. అలాంటప్పుడు ప్రతి వెయ్యీ లెక్కే. కానీ దసరా, దీపావళి రోజుల్లో బ్యాంకు కార్డు తగ్గింపులు, పాత కెమెరా మార్పిడి బోనస్ కలిస్తే బయటే అంతకన్నా తక్కువకు దొరికే సందర్భాలుంటాయి. క్యాంటీన్ ధర, కంపెనీ అధీకృత షాపు ధర, ఆన్‌లైన్ ధర మూడూ ఒకే రోజు, ఒకే లెన్స్ ఉన్న సెట్‌కు చూసుకోవాలి. ఒకచోట బాడీ ధర, ఇంకోచోట లెన్స్‌తో కలిపి ధర చూసి ‘ఇది చవక’ అనుకునేవాళ్లు చాలామంది.

అపోహ: ఏ మోడల్ అడిగినా క్యాంటీన్ తెప్పించి ఇస్తుంది.

వాస్తవం: సబ్బులు, బిస్కట్లలా కెమెరాలు కౌంటరు వెనక అరల్లో ఉండవు. ఖరీదైన సరుకు డిమాండ్ పెట్టి, డబ్బు కట్టి తెప్పించుకునే పద్ధతిలో నడుస్తుంది. ఇలాంటి కొనుగోళ్ల కోసం 2021 జనవరిలో ఆన్‌లైన్ పోర్టల్ కూడా మొదలైంది. సీఎస్‌డీ జాబితాకెక్కిన సరుకే దొరుకుతుంది. కొత్త మోడల్ బజారులోకి వచ్చిన రోజే జాబితాకెక్కదు. దీనికి తోడు 2020 అక్టోబరులో, విదేశాల్లో తయారై నేరుగా దిగుమతి అయ్యే సరుకును క్యాంటీన్ల కోసం కొనవద్దని ఆదేశం వచ్చింది. మన బజారులో పేరున్న కెమెరాలు చాలావరకు జపాన్, థాయ్‌లాండ్, చైనాల నుంచి వచ్చేవే. కాబట్టి ముందు మోడల్ మీద మనసు పారేసుకుని తరువాత క్యాంటీన్‌కు వెళ్లేకన్నా, ఏముందో కనుక్కుని ఆ తరువాత ఆశపడటం మేలు.

అపోహ: ఖాకీ వేసుకుంటే చాలు, క్యాంటీన్ కార్డు వచ్చినట్టే.

వాస్తవం: సీఎస్‌డీ ప్రధానంగా త్రివిధ దళాలది, మాజీ సైనికులది, వాళ్ల కుటుంబాలది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాలకు వేరే వ్యవస్థ ఉంది. 2006లో మొదలైన ఆ క్యాంటీన్లనే ఇప్పుడు కేంద్రీయ పోలీస్ కల్యాణ్ భండార్ అంటున్నారు. సగం జీఎస్టీ రాయితీ వాటికి 2024 ఏప్రిల్ 1 నుంచి మాత్రమే దక్కింది. అగ్నివీరుల సంగతి మరోటి: సర్వీసులో ఉన్న నాలుగేళ్లే వారికి క్యాంటీన్. రెగ్యులర్ క్యాడర్‌లోకి ఎంపిక కాకుండా బయటికి వచ్చేవాళ్లకు మాజీ సైనికుల హోదా లేదు, కార్డూ ఉండదు.

అపోహ: కార్డు బావది, కెమెరా నాది. ఎవరికి నష్టం?

వాస్తవం: నష్టం బావకే. క్యాంటీన్ సరుకు కార్డుదారు, అతని కుటుంబం సొంతంగా వాడుకోవడానికి. బయటివాళ్లకు తీసిచ్చినట్టు, అమ్మినట్టు తేలితే కార్డు పోవడంతో ఆగదు, క్రమశిక్షణ చర్య దాకా వెళ్తుంది. బిల్లు, వారంటీ అతని పేరు మీద ఉంటాయి. రేపు రిపేరు వస్తే అతనెక్కడో పఠాన్‌కోట్‌లో ఉంటాడు.

అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, ఆ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ తమ్ముడికి మిలట్రీ కార్డు అవసరమే లేకపోవచ్చు. అతని స్టూడియోకు సాధారణ పద్ధతిలో జీఎస్టీ నమోదు ఉంటే, వ్యాపారం కోసం తన పేరు మీద బిల్లుతో కొన్న కెమెరా మీద కట్టిన 9,000 పన్ను మొత్తాన్నీ తాను కట్టాల్సిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కాంపోజిషన్ స్కీములో ఉంటే ఆ వీలు లేదు. బావ కార్డు మీద ఆదా అయ్యేది సగం పన్ను, సొంత బిల్లు మీద మొత్తం పన్ను. ఈ చిన్న లెక్క తెలియక బంధుత్వాలు చెడగొట్టుకుంటున్నారు.

అపోహ: విదేశీ డ్యూటీకి వెళ్లినవాళ్లు కెమెరాలు పన్ను లేకుండా తెచ్చేసుకుంటారు.

వాస్తవం: ఇది ఒకప్పటి మాట. దిగుమతుల మీద కట్టడి గట్టిగా ఉన్న రోజుల్లో మంచి జపాన్ కెమెరా మన ఊళ్లలో దొరికేదే కాదు. సింగపూర్ రేవు చూసొచ్చిన నావికుడో, గల్ఫ్ నుంచి వచ్చిన చుట్టమో తెస్తేనే. విశాఖలో నేవీ ఇళ్లకు ఆ రోజుల్లో ఉన్న గ్లామర్‌లో కెమెరాలకూ, టేప్‌రికార్డర్లకూ వాటా ఉంది.

ఇప్పుడు కాంగో, దక్షిణ సూడాన్, లెబనాన్‌లలో ఐక్యరాజ్యసమితి శాంతిదళాల్లో పనిచేసి వచ్చే సైనికులు కూడా దిగే విమానాశ్రయంలో కస్టమ్స్ దాటాలి. 2016 బ్యాగేజీ నిబంధనల్లో ఒక ప్రయాణికుడికి పన్ను లేని పరిమితి 50,000 రూపాయలు ఉండేది. ఆ పైన విలువ మీద సర్‌చార్జితో కలిపి 38.5 శాతం పడేది. ఆ లెక్కన లక్షన్నర కెమెరాకు 38,500 కట్టాల్సి వచ్చేది. ఇక్కడ దాని మీద ఉన్న జీఎస్టీకన్నా ఇది ఎక్కువ! ఈ పరిమితులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కస్టమ్స్ వారి తాజా నిబంధన చూసుకోవాలి. ‘డ్యూటీ ఫ్రీ’ బోర్డు చూసి మోసపోకండి. అక్కడ లేనిది ఆ దేశపు పన్ను, మన పన్ను కాదు. పైగా చాలా కంపెనీలు కెమెరా బాడీకి కొన్న దేశంలోనే వారంటీ ఇస్తాయి.

విదేశీ పోస్టింగ్‌కు ఇక్కడి కెమెరానే పట్టుకెళ్లేవాళ్లు ఒక పని మాత్రం మరిచిపోకూడదు. వెళ్లేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి కెమెరా, లెన్స్‌ల సీరియల్ నంబర్లు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ‘ఇది ఇక్కడిదే’ అని నిరూపించుకునే బాధ తప్పుతుంది.

అపోహ: పాత లెన్స్ మీద వజ్రం గుర్తులో ‘ఈపీ’ అక్షరాలుంటే అది మిలట్రీ కోసం ప్రత్యేకంగా చేసిన గాజు.

వాస్తవం: మిర్రర్‌లెస్ కెమెరాలకు పాత జపాన్ లెన్స్‌లు తగిలించుకునే సరదా పెరిగాక ఈ కథ మన అమ్మకందార్ల నోటా వినిపిస్తోంది. ఆ గుర్తు నాణ్యతను చెప్పేది కాదు. జపాన్‌లో ఉన్న అమెరికా సైనికులకు వాళ్ల దుకాణాల్లో పన్ను లేకుండా అమ్మిన సరుకు మళ్లీ స్థానిక బజారులోకి జారిపోకుండా వేసిన ఆనవాలు. లోపలి గాజు టోక్యో వీధిలో అమ్మినదే.

సైనికుడికీ చవక కెమెరాకూ ముడిపడిన అసలు కథ మాత్రం అక్కడిదే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్ అమెరికా ఆక్రమణలో ఉన్నప్పుడు, కెమెరా కంపెనీలకు చేతిలో డబ్బున్న కొనుగోలుదారులు ఆ సైనికులే. నికాన్ తొలి కెమెరా 1948లో వచ్చింది. దాని ఫ్రేము 24×32 మిల్లీమీటర్లు. అమెరికాలో వాడుకలో ఉన్న స్లైడు ఫ్రేములకు అది సరిపోకపోవడంతో ఎగుమతికి ఆటంకం ఎదురైంది, కొలత మార్చుకోవాల్సి వచ్చింది. ఆ కాలపు కెమెరాల అడుగున ‘ఆక్రమిత జపాన్‌లో తయారైనది’ అన్న ముద్ర ఉండేది. 1950లో ‘లైఫ్’ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ నికాన్ వారి నిక్కోర్ లెన్స్‌లు వాడి చూసి మెచ్చుకుని, వాటితోనే కొరియా యుద్ధానికి వెళ్లాడు. జర్మనీ లెన్స్‌కు సాటి లేదన్న నమ్మకం అక్కడ బీటలు వారింది. ముద్ర ఉన్న పాత సరుకుకు సేకరణ విలువ ఉంటే ఉండవచ్చు. ఫొటో బాగా వస్తుందని మాత్రం అదనంగా ఇవ్వకండి.

అపోహ: ట్రాన్స్‌ఫరైన ఆర్మీ ఆఫీసర్ కెమెరా అమ్ముతున్నాడంటే నమ్మి కొనొచ్చు.

వాస్తవం: ‘మిలట్రీ రేటు’ నమ్మకం వల్ల అసలు నష్టం జరుగుతున్నది ఇక్కడ. పాత వస్తువులు అమ్మే యాప్‌లో లక్ష రూపాయల కెమెరా నలభై వేలకు కనిపిస్తుంది. ఫోన్ చేస్తే అవతలివాడు హిందీలో మర్యాదగా మాట్లాడతాడు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉన్నాననీ, జమ్మూకు బదిలీ అయిందనీ, సామాను తగ్గించుకుంటున్నాననీ చెబుతాడు. అడక్కముందే యూనిఫాంలో ఫొటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో వచ్చేస్తాయి. చూడటానికి వస్తానంటే లోపలికి బయటివాళ్లను రానివ్వరంటాడు. ‘ఆర్మీ కొరియర్‌లో పంపిస్తాను, రవాణా ఖర్చు మాత్రం ముందు కట్టండి, వాపసు వస్తుంది’ అంటాడు. అది కట్టాక గేటు పాసు, ఆపైన ఇన్సూరెన్సు, ఆపైన వాపసు కోసమంటూ ఒక క్యూఆర్ కోడ్. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు రావడం కాదు, పోతుంది. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

ఆ ఐడీ కార్డు చాలాసార్లు నిజమైన సైనికుడిదే, ఎక్కడో కొట్టేసిన ఫొటో. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇలాంటి కేసుల్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ప్రాంతపు ముఠాలను అరెస్టు చేశారు. జవాన్లు సొంత కెమెరాలు అమ్ముకోవడానికి ఆర్మీ కొరియర్ సర్వీసు ఏదీ నడపదు. నిజంగా అమ్మే సైనికుడు ఆదివారం పూట గేటు బయట టీ కొట్టు దగ్గరికి కెమెరా తెచ్చి చూపిస్తాడు. డబ్బు పోతే గంటల్లోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత ముందు చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

అపోహ: షట్టర్ కౌంట్ తక్కువుంటే సెకండ్‌హ్యాండ్ కెమెరా కొత్తదాని కిందే లెక్క.

వాస్తవం: తక్కువ జీతంలో మంచి కెమెరా కావాలంటే, నా దృష్టిలో క్యాంటీన్‌కన్నా సెకండ్‌హ్యాండే మెరుగైన దారి. కానీ కౌంట్, అంటే అప్పటిదాకా పడిన క్లిక్కుల సంఖ్య, ఒక్కటే చూస్తే చాలదు. నికాన్ డీ3500ను లక్ష క్లిక్కులకు, డీ850ని 2 లక్షల క్లిక్కులకు కంపెనీ పరీక్షించింది. అది సగటు అంచనాకు పనికొచ్చే అంకె, గ్యారంటీ కాదు. మిర్రర్‌లెస్ కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసిన ఫొటోలకు యంత్రం అరగదు కాబట్టి అక్కడ ఆ అంకెకు విలువ ఇంకా తక్కువ.

సైనికుల కెమెరాల్లో చూడాల్సింది బూజు. బ్యారక్‌లో మంచం కింద నల్ల రేకు ట్రంకు పెట్టె ఉంటుంది, తెల్ల పెయింటుతో పేరూ నంబరూ రాసి. ఫీల్డు పోస్టింగ్‌కు వెళ్లేటప్పుడు కెమెరాను తోలు సంచిలో పెట్టి, ఉన్ని బట్టల మధ్య దోపి, తాళం వేసి వెళ్తారు. చీకటి, తేమ, గాలి ఆడకపోవడం మూడూ అక్కడ అమరాయి. అస్సాంలోనైనా విశాఖలోనైనా ఒక్క వానాకాలం చాలు. కౌంట్ చూస్తే రెండు వేలే ఉంటుంది, లెన్స్ లోపల మాత్రం సాలెగూడు.

కొనే ముందు లెన్స్ విడదీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చి ఒక పక్క నుంచి ఏటవాలుగా వేసి రెండో వైపు నుంచి చూడండి. నాలుగు దుమ్ము చుక్కలు పరవాలేదు. అంచు నుంచి మధ్యకు పాకే సన్నని దారాలు కనిపిస్తే వదిలేయండి. శుభ్రం చేయించినా గాజు మీది పూతను బూజు అప్పటికే తినేసి ఉండవచ్చు. సొంత కెమెరాకు ఖరీదైన డ్రై క్యాబినెట్ అక్కర్లేదు. రబ్బరు అంచున్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో నీలిరంగు సిలికా జెల్ చాలు. గింజలు గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. లోపల తేమ 40–50 శాతం మధ్య ఉంటే చాలు. తోలు సంచిని మాత్రం ఆ డబ్బాలో పెట్టొద్దు.

అపోహ: ‘మిలటరీ గ్రేడ్’ అని రాసుంటే సైన్యం వాడే సరుకన్నమాట.

వాస్తవం: ‘మిల్ స్టాండర్డ్ 810’ అన్నది అమెరికా రక్షణ శాఖ రాసిన పరీక్షా పద్ధతుల పుస్తకం. అందులో ఏ పరీక్షలు చేయాలో కంపెనీలే ఎంచుకోవచ్చు, తామే చేసుకోవచ్చు. సైన్యం కొన్నదనీ, ఆమోదించిందనీ దానికి అర్థం లేదు. ‘వెదర్ సీల్’ ఉన్నంత మాత్రాన నీళ్లలో ముంచొచ్చనీ కాదు. మంచు ప్రాంతాలకు వెళ్లేవాళ్లు చూడాల్సింది ఉష్ణోగ్రత పరిమితి. చాలా కెమెరాలకు కంపెనీ రాసేది 0 నుంచి 40 డిగ్రీల వరకే. సున్నా కిందికి పోతే బ్యాటరీ త్వరగా చతికిలబడుతుంది. రెండో బ్యాటరీ కోటు లోపలి జేబులో ఉండాలి. బయటి నుంచి బుఖారీ పొయ్యి వెలిగించిన గదిలోకి వచ్చే ముందు కెమెరాను జిప్ కవర్లో వేసి మూసేస్తే నీటి ఆవిరి కవరు మీద పేరుకుంటుంది, లెన్స్ మీద కాదు.

అపోహ: మెగాపిక్సెళ్లు ఎక్కువుంటేనే పెట్టిన డబ్బుకు న్యాయం.

వాస్తవం: 24 మెగాపిక్సెళ్ల ఫొటోను 20 అంగుళాల వెడల్పున నాణ్యంగా అచ్చు వేయవచ్చు. అంతకన్నా పెద్దది మన ఇళ్ల గోడలకు ఎవరు కట్టించుకుంటున్నారు? ఆ డబ్బు ఒక 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్స్ మీద పెట్టండి.

అపోహ: నా డబ్బుతో కొన్న కెమెరా, ఎక్కడైనా తీసుకుంటాను.

వాస్తవం: సివిలియన్లకే వంతెనల దగ్గరా, రక్షణ స్థావరాల దగ్గరా ఆంక్షలున్నాయి. విశాఖ విమానాశ్రయంలో దిగేటప్పుడు ఫొటోలు తీయొద్దని చెప్పేది అది నేవీ వారి ఐఎన్‌ఎస్ డేగా కాబట్టే. సైనికుడికి కట్టుబాట్లు ఇంకా ఎక్కువ. నిషిద్ధ ప్రదేశాల ఫొటోలు 1923 నాటి అధికార రహస్యాల చట్టం కిందికి రావచ్చు. దృశ్యం ఎంత అందంగా ఉన్నా, వెనక బంకరో రాడారో ఉంటే అది వేరే సంగతి. 2020లో సైన్యం తన వాళ్లను ఫోన్లలోంచి 89 యాప్‌లు తీసేయమన్నదంటే ఫొటో ఎక్కడెక్కడికి పోతుందన్న భయం ఎంతో ఊహించవచ్చు.

అందుకే కొనే ముందు, యూనిట్‌లో సొంత కెమెరా ఉంచుకోనిస్తారా, అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలన్నది సుబేదార్ సాబ్‌నో అడ్జుటెంట్‌నో అడగాలి. ఇప్పటి కెమెరాల్లో చాలావాటికి ఫోన్‌తో బ్లూటూత్ జత ఉంటుంది, తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు ఫొటోలోకి ఎక్కేస్తాయి. పెట్టె తెరిచిన రోజే మెనూలోకి వెళ్లి లొకేషన్ నమోదునూ, ఫొటోలు వాటంతటవే ఫోన్‌లోకి వెళ్లే సౌకర్యాన్నీ ఆపేయాలి. సెలవులో అరకు వెళ్లినప్పుడు కావాలంటే మళ్లీ తెరుచుకోవచ్చు.